ముందుమాట: అపరాధ పరిశోధనకు పాఠకుడే వ్యాఖ్యాత

మన పూర్వులు కవికి ఎంతటి ఆసనం వేశారో వ్యాఖ్యాతకూ అంతటి ఆసనమే వేశారు. కొల్చారం గ్రామంతో ముడిపడిన ఇంటిపేరును దేశమంతటా ప్రతిష్ఠించిన కోలాచల మల్లినాథసూరి చేయి పట్టుకోకుండా కాళిదాస కావ్యాల గడప దాటిన సంస్కృత విద్యార్థి అరుదు. మూలం లేనిది రాయననీ, అవసరం లేనిది చెప్పననీ ఆ మహానుభావుడు చేసుకున్న నియమం నేటికీ పరిశోధకులందరికీ దీక్షాసూత్రంగా నిలిచే ఉంది. కాని ఒక్క రాత్రిలో చదివి ముగించే అపరాధ పరిశోధక నవలకు వ్యాఖ్యాత ఎవరు? పండిత పరిషత్తులు చిరకాలం దాని వంక చూడలేదు, అలంకారశాస్త్రం దానికి ప్రత్యేకంగా ఒక పేరు పెట్టలేదు, సాహిత్య చరిత్రలు దాన్ని ఒకటి రెండు వాక్యాలతో సాగనంపాయి. దానికి వ్యాఖ్యానం చేసినవాడు, ఆ పుస్తకాన్ని కొనుక్కునో, అరువు తెచ్చుకునో, దీపం ఆర్పకుండా చదివి, తెల్లవారి మిత్రులతో వాదించి, తృప్తి కలగనప్పుడు నేరుగా రచయితకే ఉత్తరం రాసిన సామాన్య పాఠకుడు. ఆ పాఠకుడి మాటకు ప్రామాణ్యం కల్పించి, వింగడించి, కాలక్రమంలో నిలిపి తెలుగువారి ముందుంచుతున్న ఈ గ్రంథానికి నాలుగు మాటలు రాయమని గ్రంథకర్త్రి అడిగినప్పుడు సంతోషంతో అంగీకరించాను.

ఈమె నా వద్ద అలంకారశాస్త్రం చదువుకున్న విద్యార్థిని. ధ్వనినీ వక్రోక్తినీ అభ్యసించిన చేత్తో షెర్లాక్ హోమ్స్ పాఠకుల అభిప్రాయాలను పరిశోధించడమేమిటని కొందరు హితైషులు విస్తుపోయారని విన్నాను. విస్తుపోనక్కరలేదు. సహృదయుడు లేనిదే రసం లేదని ఆనందవర్ధన, అభినవగుప్తులు స్థాపించిన శాస్త్రాన్ని శ్రద్ధగా చదివినవారు, లక్షలాది సహృదయులు ఒక కథను తమ సొత్తుగా చేసుకున్న ఉదంతం ఎదురైతే దాన్ని దాటి పోలేరు. ఈమె దాటి పోలేదు. ఆనాటి పత్రికలనూ, రచయిత స్మృతులనూ, ఆయన తల్లికి రాసుకున్న ఉత్తరాలనూ, పాఠకుల ఆక్షేపణలనూ ఓర్పుతో పోల్చి చూసి, ఏది సాక్ష్యమో ఏది జనశ్రుతో పుట పుటలో తేల్చి చెప్పింది. ఆ తేల్చడంలోనే ఈ గ్రంథం విలువ ఉంది.

వంశక్రమం తెలియనిదే వ్యక్తి తెలియడు గనుక ఆ కథాపరంపర పుట్టుకను ముందుగా స్మరించుకోవాలి. వైద్యవృత్తిలో రోగుల కోసం ఎదురుచూస్తూ కథలు రాసుకున్న ఆర్థర్ కోనన్ డాయిల్, ఎడిన్‌బరో వైద్య కళాశాలలో తన గురువైన జోసెఫ్ బెల్, ఎదుటి మనిషి నడకను బట్టీ చేతులను బట్టీ వృత్తిని చెప్పగల నేర్పును మనసులో పెట్టుకొని హోమ్స్‌ను సృష్టించాడు. 1887లో ‘ఎ స్టడీ ఇన్ స్కార్లెట్’, 1890లో ‘ది సైన్ ఆఫ్ ఫోర్’ వెలువడినా లోకం పెద్దగా చలించలేదు. 1891 జూలైలో ‘స్ట్రాండ్’ మాసపత్రిక చేతిలో హోమ్స్ కథ పడిన తరువాతనే ఇంగ్లండు చలించింది. దానికి కారణం డాయిల్ కనిపెట్టిన ఒక ఉపాయం. ధారావాహికలో ఒక సంచిక తప్పిపోయిన పాఠకుడు ఆ పత్రికను వదిలేస్తాడు. ఏ కథకు ఆ కథ విడివిడిగా తలుపు తీసి పెడితే మళ్లీ మళ్లీ వచ్చే అతిథి అలవాటు పడతాడు. అందుచేత నాయకుడు ఒక్కడే కావాలి, కథ మాత్రం ప్రతి నెలా సంపూర్ణం కావాలి. ఈ రోజు ప్రపంచమంతటా వాడుకలో ఉన్న అపరాధ పరిశోధక శ్రేణి స్వరూపానికి ఇది గట్టి పునాది వేసింది. సిడ్నీ పాజెట్ గీసిన బొమ్మలు ఆ నాయకుడికి ముఖాన్ని ఇచ్చాయి. ఇక అక్కడి నుంచి నెలనెలా వచ్చే అతిథి గృహస్థుడిగా మారిపోయాడు. గృహస్థుడు మాట్లాడటం మొదలుపెట్టాడు.

డాయిల్‌కు ఈ ఆదరణ సంకెల అయింది. చారిత్రక నవలలే తనకు కీర్తి తెస్తాయని నమ్మిన ఆ రచయిత 1891 చివరిలోనే హోమ్స్‌ను చంపాలని తలచి తల్లికి రాశాడు. ఆ తల్లి వద్దని గట్టిగా వారించింది. వారించడమే కాదు, ‘ది కాపర్ బీచెస్’ కథకు ఇతివృత్త బీజం కూడా ఆమే అందించింది. ఆ విధంగా ఈ శ్రేణికి మొట్టమొదటి ప్రభావశీలి అయిన పాఠకురాలు రచయిత కన్నతల్లి అని చెప్పుకోవచ్చు. గ్రంథకర్త్రి తన తొలి అధ్యాయాన్ని ఆమెకు కేటాయించడం ఎంతో ఉచితం. అయినా 1893 డిసెంబరు సంచికలో ‘ది ఫైనల్ ప్రాబ్లెం’ వచ్చింది. స్విట్జర్లాండులోని రైకెన్‌బాక్ జలపాతం దగ్గర తన బద్ధశత్రువు మోరియార్టీతో పెనుగులాడి హోమ్స్ అగాధంలో పడిపోయాడు. ఇరవై వేలమంది చందాదారులు పత్రికను మానేశారని తరతరాలుగా చెప్పుకుంటున్నారు. ఒక స్త్రీ తన ఉత్తరాన్ని రచయితను క్రూరుడా అని సంబోధిస్తూ మొదలుపెట్టిందని డాయిల్ స్వయంగా తన స్మృతులలో చెప్పాడు. లండన్ యువకులు నల్ల పట్టీలు కట్టుకొని వీధుల్లో తిరిగారన్న ప్రసిద్ధ గాథ మాత్రం ఏ సమకాలిక సాక్ష్యం మీదా గట్టిగా నిలబడదు. ఈ మూడింటినీ ఒకే గాటన కట్టకుండా, మొదటిదాన్ని జనశ్రుతిగా, రెండవదాన్ని సాక్ష్యంగా, మూడవదాన్ని అలంకారంగా గుర్తించిన గ్రంథకర్త్రి వివేచనలో మల్లినాథుడి నియమం నాకు స్పష్టంగా కనిపించింది.

ఇక గ్రంథానికి హృదయస్థానం ‘ది హౌండ్ ఆఫ్ ది బాస్కర్‌విల్స్’. 1901 ఆగస్టు నుంచి 1902 ఏప్రిల్ వరకు తొమ్మిది నెలలపాటు స్ట్రాండులో నడిచిన ఆ నవల పుట్టుకే ఒక విశేషం. బెర్ట్రమ్ ఫ్లెచర్ రాబిన్సన్ అనే మిత్రుడు చెప్పిన ఒక జాగిలం గాథ నుంచి మొలకెత్తిన ఆ కథలో మొదట హోమ్స్ లేడు. తరువాత ఆ బరువైన కథను మోయడానికి తగిన నాయకుడి కోసం వెతుకుతూ డాయిల్ మళ్లీ తాను చంపినవాడినే పిలిచాడు. హోమ్స్ లేకపోతే వెయ్యి మాటలకు యాభై పౌండ్లు, హోమ్స్ ఉంటే నూరు పౌండ్లు అని పత్రికకు ధర చెప్పాడు. పత్రిక నూరు పౌండ్లే ఇచ్చింది. పాఠకుడి అభిప్రాయానికి సొమ్ము రూపంలో ఇంత నిర్దిష్టమైన విలువ కట్టిన సందర్భం సాహిత్య చరిత్రలో వేరొకటి నాకు తోచదు. చనిపోయినవాడు అప్పటికింకా బతికి రాలేదు. కథ అతని మరణానికి ముందు కాలంలో జరిగినట్టు చెప్పబడింది. అయినా పాఠకులకు అది చాలింది. పత్రిక కార్యాలయం ముందు జనం బారులు తీరారు, చలామణి ముప్ఫై వేలు పెరిగిందని చరిత్రకారులు లెక్కగట్టారు. సరిగ్గా అదే శరదృతువులో విలియమ్ జిలెట్ హోమ్స్ వేషంతో లండన్ లైసియం రంగస్థలం మీదికి రావడం ఆ ఉత్సాహానికి తోడైంది.

ఈ నవలను తీవ్రవేగం గల కథ అంటారు. ఆ వేగం ఎలా సాధ్యమైందో వివరించే అధ్యాయాన్ని నేను రెండుసార్లు చదివాను. హోమ్స్, అతని సహచరుడు వాట్సన్ వింటుండగా డాక్టర్ మార్టిమర్ ఒక పాత పత్రం చదువుతాడు. ఒక వృద్ధ ప్రభువు మృత్యువును వర్ణిస్తాడు. శవానికి కొంత దూరంలో తాను చూసిన అడుగుజాడలు ఎవరివో ఆఖరి వాక్యంలో మెల్లగా వెల్లడిస్తాడు. అక్కడ అధ్యాయం ఆగిపోతుంది. కత్తి దూయలేదు, గుర్రం పరుగెత్తలేదు, ఒక గదిలో కూర్చొని ముగ్గురు మనుషులు మాట్లాడుకున్నారంతే. అయినా చదువరి గుండె దడదడ కొట్టుకుంటుంది. మన నాట్యశాస్త్రం ప్రారంభ, యత్న, ప్రాప్త్యాశా, నియతాప్తి, ఫలాగమాలని కార్యానికి ఐదు అవస్థలు చెప్పింది. సాధారణ నాటకంలో ప్రాప్త్యాశ మధ్యలో ఒకచోట నిలుస్తుంది. డాయిల్ ప్రతి అధ్యాయం చివర ప్రాప్త్యాశను నిలిపి, ఫలాన్ని చూపించీ చూపించకుండా వెనక్కు తీసుకున్నాడు. వేగమనేది సంఘటనల సంఖ్యలో లేదనీ, తెలియవలసినది తెలియకుండా పోయే క్షణాల కూర్పులో ఉందనీ గ్రంథకర్త్రి చేసిన నిరూపణ ఈ ప్రక్రియ మీద తెలుగులో నేను చదివిన మాటలన్నింటిలో గట్టిది.

ఆ నవల మీద పాఠకులు చిరకాలంగా చేస్తున్న ఆక్షేపణ ఒకటి ఉంది. నడుమ ఎన్నో అధ్యాయాలపాటు హోమ్స్ కనిపించడు; వాట్సన్ ఒంటరిగా డార్ట్‌మూర్ బీళ్లలో తిరుగుతూ లేఖలు రాస్తుంటాడు. నాయకుడి కోసం వచ్చినవారికి నాయకుడు లేకుండా చేయడమేమిటని కొందరు విసుగు పడ్డారు. ఆ లేమి వల్లనే బీడుకూ, బురదగుంటకూ, రాతి గుడిసెలకూ, ప్రిన్స్‌టౌన్ చెరసాల నుంచి తప్పించుకున్న ఖైదీకీ ప్రాణం వచ్చిందని మరికొందరు మెచ్చారు. నేను రెండవ పక్షం వాడిని. వాట్సన్ భయపడగలడు, హోమ్స్ భయపడలేడు. భయానక రసానికి ఆశ్రయం భయపడగలిగినవాడే కావాలి. హంతకుడు ఎవరో ఇక్కడ చెప్పను. ఈ పీఠిక చదివిన తరువాత నవల చేతబట్టే పాఠకుడు ఒక్కడున్నా అతని ఆనందాన్ని ముందే హరించే హక్కు నాకు లేదు.

పాఠకులను వర్గీకరించడానికి గ్రంథకర్త్రి పాశ్చాత్య సిద్ధాంతాలను ఎరువు తెచ్చుకోకుండా రాజశేఖరుడి ‘కావ్యమీమాంస’ను ఆశ్రయించడం నాకు పరమానందం కలిగించింది. ఆ ఆచార్యుడు భావకులను నాలుగు తెగలుగా విభజించాడు: ఏదీ రుచించని అరోచకి, గడ్డితో సహా అంతా మింగేసే సతృణాభ్యవహారి, అసూయతో గుణాన్ని దాచే మత్సరి, వేలమందిలో ఒకడుగా దొరికే తత్త్వాభినివేశి. హోమ్స్ పాఠకులలో ఈ నలుగురూ ఉన్నారు. సతృణాభ్యవహారులే అధికులన్నది సహజం. వారి ఆదరమే పత్రికలను బతికిస్తుంది గనుక వారిని చులకన చేయరాదు. కాని ఈ శ్రేణి భాగ్యం ఏమిటంటే దానికి తత్త్వాభినివేశులు అసాధారణ సంఖ్యలో దొరికారు. బాస్కర్‌విల్ నవల ఇంకా పత్రికలో సాగుతుండగానే, 1902 జనవరిలో ఫ్రాంక్ సిడ్జ్‌విక్ ‘కేంబ్రిడ్జ్ రివ్యూ’లో డాక్టర్ వాట్సన్‌ను సంబోధిస్తూ బహిరంగ లేఖ రాసి, కథలోని తేదీలు ఒకదానితో ఒకటి పొసగడం లేదని సప్రమాణంగా అడిగాడు. కల్పిత పాత్రను సాక్షిగా బోనెక్కించి ప్రశ్నించే ఈ పద్ధతి 1911లో రోనాల్డ్ నాక్స్ ఆక్స్‌ఫర్డులో చదివిన ప్రబంధంతో ఒక శాస్త్రమయింది. డాయిల్ ఆ ప్రబంధాన్ని చదివి, తన కథలను తనకంటె శ్రద్ధగా చదివినవాడు ఉన్నాడని ఆశ్చర్యపడుతూ అతనికి లేఖ రాశాడు. మరి కార్న్‌వాల్‌లోని ఒక పడవవాడు? రైకెన్‌బాక్ కొండచరియ నుంచి పడినప్పుడు హోమ్స్ చావకపోయి ఉండవచ్చుగాని, తిరిగి వచ్చిన తరువాత మునుపటి మనిషి మాత్రం కాడని అతను రచయిత ముఖం మీదనే చెప్పాడు. విశ్వవిద్యాలయం మెట్లెక్కని ఆ పడవవాడిని గ్రంథకర్త్రి తత్త్వాభినివేశుల వరుసలో కూర్చోబెట్టింది. నేనూ అక్కడే కూర్చోబెడతాను.

ఇప్పుడు నేను చిరకాలం మననం చేసుకున్న ఘట్టానికి వస్తున్నాను. 1892 డిసెంబరులో వచ్చిన ‘సిల్వర్ బ్లేజ్’ పందెపు గుర్రం కథ. గుర్రపు పందేల నియమాలు తెలియకుండానే డాయిల్ ఆ కథ రాశాడు. ఒక క్రీడాపత్రికలో విజ్ఞుడైన విమర్శకుడు, ఆ కథలో చెప్పినట్టు నిజంగా జరిగితే పాత్రలలో సగం మంది చెరసాలకు వెళ్లాలనీ, మిగిలిన సగానికి పందెపు మైదానంలో ప్రవేశం శాశ్వతంగా నిషిద్ధమవుతుందనీ తేల్చాడు. డాయిల్ ఆ ఆక్షేపణకు తలవంచాడు. 1904లో ‘ది ప్రయరీ స్కూల్’ వచ్చింది. అందులో హోమ్స్ తేమ నేల మీది సైకిలు జాడలు చూసి, వెనుక చక్రపు గుర్తు ముందు చక్రపు గుర్తును తొక్కిన తీరును బట్టి సైకిలు ఏ దిశకు పోయిందో చెబుతాడు. అది అసాధ్యమని ఎందరో పాఠకులు ఉత్తరాలు రాశారు. ఆ రచయిత కోపగించలేదు, మౌనం వహించలేదు; స్వయంగా సైకిలు తీసుకొని వెళ్లి పరీక్షించి చూశాడు. ఏ దిక్కుకు పోయినా వెనుక చక్రమే ముందు చక్రపు జాడను తొక్కుతుంది గనుక పాఠకులదే ఒప్పని ఒప్పుకున్నాడు; మిట్టపల్లాల నేలలో ఎక్కేటప్పుడు జాడ లోతుగా, దిగేటప్పుడు తేలికగా పడుతుంది గనుక అసలు సమాధానం ఇంకా సులువుగా దొరికేదని కూడా కనిపెట్టాడు.

ఇక్కడితో ఆగితే ఇది ఒక రచయిత సౌజన్యానికి ఉదాహరణగా మిగిలేది. 1927లో స్ట్రాండు పత్రిక ఒక పోటీ పెట్టింది: హోమ్స్ చిన్న కథలలో శ్రేష్ఠమైన పన్నెండింటిని డాయిల్ రహస్యంగా ఎంచి పెడతాడు, ఆ ఎంపికకు అత్యంత సన్నిహితమైన జాబితా పంపిన పాఠకుడికి నూరు పౌండ్లు. ఫలితాలతో పాటు తన ఎంపికకు కారణాలు చెబుతూ డాయిల్ ‘సిల్వర్ బ్లేజ్’ను పందేల వివరాలు దోషభూయిష్ఠమన్న కారణంగా పక్కన పెట్టాడు. ముప్ఫై నాలుగేళ్ల కిందట ఒక పాఠకుడు చేసిన ఆక్షేపణ ఆ రచయిత తీర్పులో అంతకాలం సజీవంగా ఉందన్నమాట! కాని సైకిలు దోషం ఉన్న ‘ది ప్రయరీ స్కూల్’కు మాత్రం ఆ పన్నెండింటిలో స్థానం దక్కింది, హోమ్స్ ఒక మహాప్రభువు వైపు వేలు చూపించే నాటకీయ ఘట్టం కోసమైనా అది ఉండితీరాలన్నాడు. ఒకే రకమైన రెండు దోషాలు, రెండింటినీ పాఠకులే చూపారు, ఒకటి కథను వెలివేసింది, మరొకటి వెలివేయలేదు. ఎందుకు? గుర్రం కథలో దోషం ఇతివృత్తపు ఎముకలోనే ఉంది; సైకిలు కథలో అది ఒక తీగను మాత్రమే తాకింది. దోషానికి పరిమాణం కాదు, స్థానం ప్రధానమని మన ఆలంకారికులు నిత్యదోష, అనిత్యదోష విచారణలో చెప్పినదానికి ఇంతటి చక్కని లక్ష్యం అపరాధ పరిశోధక సాహిత్యంలో దొరుకుతుందని నేను ఊహించలేదు. ఈ రెండు ఘట్టాలనూ పక్కపక్కన పెట్టి చూసిన ప్రజ్ఞ పూర్తిగా గ్రంథకర్త్రిదే.

ఆ పన్నెండింటిలో డాయిల్ ప్రథమ స్థానం ఇచ్చినది ‘ది స్పెకిల్డ్ బ్యాండ్’. అది లోకవిదితమైన కథ గనుక రహస్యం దాచనక్కరలేదు. కలకత్తాలో వైద్యం చేసి ఇంగ్లండు చేరిన ఒక క్రూరుడు, భారతదేశం నుంచి వచ్చిన చిత్తడినేలల పామును పాలతో పెంచి, ఈలతో పిలిచి, తాడు మీదుగా దింపుతాడు. ఆ పేరు గల పాము మన దేశంలో లేదు. పాముకు బయటి చెవి లేదు. పాలు పాముకు ఆహారం కాదు. నాగులచవితి నాడు పుట్టలో పాలు పోసే మన ఇళ్లలో కూడా పాములు పట్టేవారికి ఈ సంగతి తెలుసు. భారతీయ పాఠకుడు ఈ కథను ఏ కంటితో చదవాలన్న ప్రశ్నకు గ్రంథకర్త్రి ఇచ్చిన సమాధానం సంయమనంతో కూడినది: భయానకానికి ఆ పాము ఒక విభావమని ఒప్పుకొని ఆస్వాదించవచ్చుగాని, దూరదేశపు తెలియనితనాన్ని భయంగా మార్చుకున్న పాలకజాతి చూపును గుర్తించకుండా ఆస్వాదించరాదు. ‘ది సైన్ ఆఫ్ ఫోర్’ విషయంలో ఆమె ఇంకా నిష్కర్షగా మాట్లాడింది. అండమాను దీవుల ఆదివాసులను నరమాంసభక్షకులుగా, వికృతరూపులుగా ఒక గెజిటీరు పేరుతో చిత్రించిన ఆ పుటలు అసత్యాలు, అన్యాయాలు. కథావేగం ఎంతటిదైనా ఆ కళంకాన్ని కడగలేదు. ఈ తీర్పుకు నేను సంపూర్ణంగా సమ్మతిస్తున్నాను. పాఠకుడి అభిప్రాయమనేది మెప్పు మాత్రమే అయితే దానికి శాస్త్రగౌరవం దక్కదు.

హోమ్స్ సస్సెక్సులో తేనెటీగలు పెంచుకుంటూ విశ్రాంతి తీసుకోబోతున్నాడన్న మాట వినగానే అతనికి ఇల్లు చూసిపెడతామని వృద్ధ స్త్రీలు ముందుకు వచ్చిన సంగతీ, కథలలో అతని నివాసమైన బేకర్ వీధి 221బి చిరునామాకు వచ్చే ఉత్తరాలకు జవాబులు రాయడానికి ఆ స్థలంలో 1932 నుంచి దశాబ్దాలపాటు ఉన్న ఆబీ నేషనల్ సంస్థ ప్రత్యేకంగా ఒక కార్యదర్శిని నియమించిన సంగతీ ఈ గ్రంథంలో సవిస్తరంగా ఉన్నాయి. అవి అందరికీ రుచించే పుటలు. నేను వాటి మీద నిలవను.

ఒక భేదాభిప్రాయం మాత్రం మనవి చేయాలి. శ్రేణిలోని అరవై రచనలలో బాస్కర్‌విల్ నవలే సర్వోన్నతమని గ్రంథకర్త్రి నిర్ణయించింది. నాలుగు నవలల వరకే అయితే నాకు అభ్యంతరం లేదు. యాభై ఆరు చిన్న కథలను కూడా కలుపుకుంటే, హోమ్స్ ప్రతిభ చిన్న కథ పరిధిలోనే పరిపూర్ణంగా వికసించిందనీ, నవలా విస్తీర్ణంలో అతనికి సగం పుస్తకంపాటు తెరచాటున ఉండవలసి రావడమే దానికి నిదర్శనమనీ నేను భావిస్తాను. వాట్సన్ ఏకాంతాన్ని పైన మెచ్చుకున్నది నవల గుణంగా. హోమ్స్ గుణంగా కాదు. గ్రంథకర్త్రి ఈ మాటకు మలి ముద్రణలో సమాధానం చెబితే సంతోషిస్తాను.

ఇదంతా ఇంగ్లండు కథ. తెలుగువారికి దీనితో పనేమిటని అడిగేవారికి గ్రంథం చివరి అధ్యాయం జవాబు. అపరాధ పరిశోధక నవల మన భాషలోకి మొదట వంగభాష దారిన, పాంచ్‌కడీ దే వంటి వారి రచనల అనువాదాలుగా వచ్చి, గత శతాబ్దపు నడిమి దశకాలలో కొమ్మూరి సాంబశివరావు చేతిలో మనదిగా మారింది. ఆయన డిటెక్టివ్ యుగంధర్, సహాయకుడు రాజు, మద్రాసు వీధుల్లో తిరిగిన ఆ జంట, తెలుగు పాఠకుడికి బేకర్ వీధి జంటకంటె దగ్గరి చుట్టాలు. అద్దె పుస్తకాల దుకాణాల ముందు నిలబడి, తిరిగి వచ్చిన ప్రతిని ఇంకొకరు అందుకోకముందే అందుకున్న ఒక తరం మన మధ్య ఇంకా ఉంది. తరువాతి కాలంలో మధుబాబు షాడో నవలలకూ అదే ఆదరం దక్కింది. ఆ పాఠకులు ఏమనుకున్నారు? ఏ నవల దగ్గర హంతకుణ్ణి ముందే పట్టుకున్నారు? ఏ ముగింపు దగ్గర రచయితతో పోట్లాడారు? యుగంధర్ తర్కంలో దోషం చూపి ఎవరైనా ఉత్తరం రాస్తే ఆ రచయిత ఏం చేశారు? సిడ్జ్‌విక్ లేఖ నూట ఇరవై ఏళ్లకు పైగా నిలిచింది. మన పాఠకుల మాటలు తడిసిన అట్టలతో, చిరిగిన చివరి పుటలతో పాటు చాలావరకు కాలగర్భంలో కలిశాయి. వారిలో తత్త్వాభినివేశులు లేకపోలేదు. వారి మాటను రాసిపెట్టుకున్నవారు లేరు. వేగంగా చదివించే పుస్తకం వేగంగా పారవేయదగినదన్న అపోహ మన గ్రంథాలయాలను చాలాకాలం పాలించింది. ఆ నవలల పూర్తి జాబితా సైతం నేడు వ్యక్తిగత సేకర్తల శ్రమ మీదే ఆధారపడి ఉంది.

ఈ గ్రంథకర్త్రి తన మలి పరిశోధనను తెలుగు అపరాధ పరిశోధక పాఠకుల మీద ఆరంభించిందని తెలిసి ఆశీర్వదిస్తున్నాను. ఇంత నిష్ఠ, ఇంత నిగ్రహం ఉన్న చేతికి ఆ పని అప్పగించడం క్షేమం. పాఠకులకు నా మనవి ఒక్కటే. మీ ఇంటి అటకల మీద యుగంధర్ నవలలు ఉంటే, వాటి అంచుల మీద మీ పెద్దలు పెన్సిలుతో రాసుకున్న అభిప్రాయాలు ఉంటే, ఆ రచయితలకు పంపిన ఉత్తరాల నకళ్లుగాని, వారి జవాబులుగాని ఉంటే, పాత కాగితాలవాడికి వేయకండి. దగ్గరలోని గ్రంథాలయానికి అందించండి, లేదా ఈమెకు చూపించండి.